ఇరవై నిమిషాల కూర

ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, ఏన్కూరు మీదుగా కొత్తగూడెం వెళ్లే దారిలో జూలూరుపాడు వస్తుంది. 2016 దాకా ఖమ్మం జిల్లా, ఆ తర్వాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. రోడ్డు పక్కన పత్తి, మిర్చి చేలు. వాటి వెనక అడవి. ఇటలీ వంటకం గురించి చెప్పాల్సిన అధ్యాయాన్ని ఇక్కడ మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఇటలీ దక్షిణ కొసన కలాబ్రియా అనే ప్రాంతం కారానికి పేరుమోసింది. కారం సాసేజ్‌ను చిదిపి టమాటతో ఉడికించి పాస్తాలో కలుపుకోవడం అక్కడివాళ్లకు రోజువారీ వంట. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. మన ఊళ్లలో ఎండు తునకలు, టమాట వేసి వండే కూరకూ దానికీ సరుకులు మూడే: ఎండుమిర్చి, ఉప్పు పట్టించిన మాంసం, బాగా పండిన టమాట. వీటి మధ్య జరిగే రసాయన చర్యలకు కలాబ్రియా అనీ ఖమ్మం అనీ తేడా లేదు.

పొయ్యి మీద ఇరవై నిమిషాలే పట్టే వంటలో, పొయ్యి ఎక్కకముందే చాలా పని అయిపోయి ఉంటుంది. ఎండ కొంత చేసింది, ఉప్పు కొంత, కత్తి కొంత, మొక్క తనంతట తాను మరికొంత. ఆ పనులేమిటో ఒక్కొక్కటే చూద్దాం.

కల్లంలో

చెట్టు మీద పండిన మిరపకాయలో బరువులో మూడింట రెండు వంతులకు పైగా నీళ్లే. అలాగే బస్తాలో కట్టేస్తే వారం తిరక్కుండా బూజు పడుతుంది. అందుకే ఏరిన కాయను కల్లంలో బరకాల మీద పలుచగా నెరుపుతారు. పొద్దుగూకగానే కుప్పచేసి మంచు తగలకుండా కప్పుతారు, తెల్లవారి మళ్లీ నెరుపుతారు. మధ్యలో తిరగేస్తారు. రంగు తేలిపోయి తెల్లబడ్డ తాలు కాయల్ని కూలీలు కూర్చుని ఏరతారు. ఈ జిల్లాల్లో కాయ ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే వలస కూలీలు కూడా ఎక్కువే. ఎండిందో లేదో చూడటానికి పరికరం అక్కర్లేదు. కాయను చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజలు గలగలమనాలి, తొడిమ వంచితే పుటుక్కున విరగాలి. అప్పటికి తేమ 10 శాతం దగ్గరికి వచ్చినట్టు. క్వింటా పండు కాయకు ఎండిన మిర్చి 25 నుంచి 30 కిలోలు దక్కుతుంది.

ఈ పదిశాతం లెక్క ఊరికే పెట్టింది కాదు. బూజుకైనా బాక్టీరియాకైనా బతకడానికి నీళ్లు కావాలి. ఆహారంలో నీళ్లున్నాయా అన్నది ఒక ప్రశ్న, ఆ నీళ్లు సూక్ష్మజీవికి అందుబాటులో ఉన్నాయా అన్నది అసలు ప్రశ్న. ఎండిన కాయలో మిగిలే కొద్దిపాటి తేమ పిండిపదార్థాలకూ మాంసకృత్తులకూ అతుక్కుని ఉంటుంది, బూజుకు చిక్కదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో అకాల వర్షం పడి కల్లం తడిస్తే మాత్రం ఆస్పర్జిల్లస్ జాతి బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. వంటింటి వేడికి ఆ విషం పోదు. కూరలో వేసి ఎంత మరిగించినా అలాగే ఉంటుంది. రైతు వానకు భయపడేది ధర కోసం. తినేవాడు కూడా భయపడాల్సిందే.

ఖమ్మం మార్కెట్‌లో ఎక్కువగా కనబడే రకం తేజ. కాయ సన్నగా ఉంటుంది, కారం మాత్రం నషాళానికి అంటుతుంది. కారాన్ని కొలవడానికి 1912లో అమెరికా ఔషధ శాస్త్రవేత్త విల్బర్ స్కోవిల్ ఒక పద్ధతి పెట్టాడు. మిర్చి సారాన్ని తీపి నీళ్లలో పలుచన చేస్తూ పోతారు, ఎన్ని రెట్లు పలుచన చేస్తే నాలుకకు కారం తెలియకుండా పోతుందో అదే ఆ కాయ అంకె. బజ్జీ మిర్చి రకాలు వేలల్లో ఆగిపోతే, తేజ 70 వేలు దాటి లక్ష దాకా పోతుంది. ఇంత కారానికి మూలం క్యాప్సైసిన్. కాయ బరువులో అది ఒక శాతం కూడా ఉండదు. కారం గింజల్లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది తయారయ్యేది గింజలు అంటిపెట్టుకుని ఉండే తెల్లటి పొరలో. గింజలకు అక్కడి నుంచి అంటుతుంది.

మొక్కకు ఇంత కారం ఎందుకు? మిర్చి చేలో రామచిలుకలు వాలి పండు కాయల్ని హాయిగా తినిపోవడం రైతులకు కొత్త కాదు. వాటికి కారం తెలియదు. క్షీరదాలు గింజను పళ్లతో నమిలి పాడుచేస్తాయి. పక్షి మింగిన గింజ చెక్కుచెదరకుండా బయటికొచ్చి దూరాన మొలుస్తుంది. అడవి మిర్చి మీద జాషువా ట్యూక్స్‌బరీ, గ్యారీ నభాన్ 2001లో వెలువరించిన పరిశోధన ఈ సంగతినే రుజువు చేసింది. కారం అంటే తన గింజను ఎవరు తినాలో మొక్క చేసుకున్న ఎంపిక.

మనకు మాత్రం అది మంటగానే తెలుస్తుంది. దానికి కారణాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనిపెట్టింది. నాలుక మీది నరాల చివర్లలో ఒక గ్రాహకం ఉంటుంది. 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది తెరుచుకుని మెదడుకు 'కాలుతోంది' అని కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ వెళ్లి అదే గ్రాహకానికి తగులుకుంటుంది. నాలుక ఎక్కడా కాలదు, మెదడుకు మాత్రం కాలిందనే కబురు అందుతుంది. చెమట పట్టేది అందుకే. ఈ పరిశోధనకు జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. పక్షుల్లో ఆ గ్రాహకం నిర్మాణం కాస్త వేరు, క్యాప్సైసిన్ దాన్ని తెరవలేదు.

వంటకు అక్కరకొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. క్యాప్సైసిన్ నూనెలో ఇట్టే కరుగుతుంది, నీళ్లలో దాదాపు కరగదు. కారం తగిలినప్పుడు చెంబెడు నీళ్లు తాగినా మంట తగ్గక, పెరుగన్నం తింటే తగ్గేది ఇందుకే. కూరలో కారం అంతటా సమంగా పరుచుకోవాలంటే అది ముందు నూనెను చూడాలి, తర్వాత టమాటను.

ఉప్పూ కత్తీ

మాంసాన్ని సన్నగా కొట్టి, ఉప్పూ మసాలా కలిపి, కడిగి శుభ్రం చేసిన పేగులో కూరితే సాసేజ్. ఇది రోమన్ల కాలం నాటి ఉపాయం. దక్షిణ ఇటలీలోని లుకానియా ప్రాంతం పేరుతో 'లుకానికా' అనే సాసేజ్ గురించి అప్పటి రచయితలే రాశారు. అప్పట్లో అందులో మిర్చి లేదు, మిరియాలే. ఇప్పుడు కలాబ్రియాలో చేసే ఎన్దూయా అనే మెత్తటి సాసేజ్ మిర్చితో ఎర్రగా, రొట్టెకు పూసుకునేంత మెత్తగా ఉంటుంది.

ఇందులో కత్తి చేసే పని మొదట చూద్దాం. తిరిగే జంతువు భుజం మాంసంలో కండ పోగుల చుట్టూ కొలాజెన్ అనే గట్టి పొరలుంటాయి. వాటిని కరిగించాలంటే గంటల కొద్దీ ఉడకాలి. మేక తొడ కూరకు కుక్కర్ కూతలు లెక్కపెట్టేది అందుకే. అదే మాంసాన్ని మరలో వేస్తే కొలాజెన్ పొరలు, కండ పోగులు ముక్కలు ముక్కలవుతాయి. పళ్లు చేయాల్సిన పని మర చేసేసింది కనుక, ఇక లోపలిదాకా ఉడికితే చాలు. ఖీమా తొందరగా అయ్యే రహస్యం ఇంతే.

ఉప్పు చేసే పని ఇంకా విచిత్రం. ఖీమా బరువులో 1.5 నుంచి 2 శాతం ఉప్పు వేసి కాసేపు పిసికితే చేతికి జిగటగా అంటుకుంటుంది. కండలోని మయోసిన్ అనే మాంసకృత్తు ఉప్పునీటిలో కరిగి బయటికొస్తుంది. గోధుమపిండి పిసికినకొద్దీ సాగినట్టే ఇదీ సాగుతుంది. పొయ్యి మీద వేడి తగలగానే మయోసిన్ గట్టిపడి, కొవ్వునూ నీటినీ తనలో పట్టి ఉంచుతుంది. ఉప్పు చివర్లో చల్లిన ఖీమా పొడిపొడిగా, రవ్వలా అవుతుంది. ముందురోజు ఉప్పు పట్టించినది రసంతో ఉంటుంది. అదే మాంసం, అదే ఉప్పు. వేసిన వేళ వేరు.

మన ఎండు తునకలు ఇంకో దారి పట్టాయి. ఫ్రిజ్ లేని కాలంలో, వేట పడ్డ రోజున మిగిలిన మాంసాన్ని పొడవాటి పేలికలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఎండలో వేలాడదీసేవాళ్లు. తెలంగాణ పల్లెల్లో వీటినే ఒట్టి తునకలంటారు. మిర్చికి చెప్పిన సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. ఎండ నీటిని లాగుతుంది, ఉప్పు మిగిలిన నీటిని సూక్ష్మజీవులకు అందకుండా కట్టిపడేస్తుంది. ఎండే ఆ రోజుల్లో మాంసంలోని ఎంజైములు ఊరికే ఉండవు. మాంసకృత్తుల్ని కొద్దికొద్దిగా విడగొట్టి రుచినిచ్చే అమైనో ఆమ్లాల్ని విడుదల చేస్తాయి. పచ్చి మాంసానికి లేని ఘాటైన రుచి ఒట్టి తునకకు వచ్చేది అందువల్లే.

అయితే తునకలో పోగు తెగలేదు. నిలవ సమస్య తీరింది, పొయ్యి మీది సమయం తగ్గలేదు. వేడినీళ్లలో నానబెట్టి, చాలాసేపు ఉడికించాల్సిందే. దానికీ పల్లెల్లో ఒక అడ్డదారి ఉంది: తునకను నిప్పుల మీద కాల్చి, రోట్లో దంచి, ఆ పీచును కూరలో వేస్తారు. దంచడమంటే పోగును తెంచడమే. ఇటలీవాడి మర, మన రోకలి చేసేది ఒకటే పని.

పంది మాంసం వాడేవాళ్లకు ఒక మాట. ఇటలీ సాసేజ్‌కు అసలు మాంసం పందిదే. ఏ మాంసం ఖీమా అయినా మధ్యలో గులాబీ రంగు లేకుండా, 71 డిగ్రీల దాకా వేడెక్కాలి. కోడి అయితే 74. మర పట్టినప్పుడు పైనున్న బాక్టీరియా అంతటా కలిసిపోతుంది కనుక ముక్కకు చూపే ఉదాసీనత ఖీమాకు పనికిరాదు. సరిగా ఉడకని పంది మాంసంతో పేగుల్లోకి బద్దెపురుగు చేరవచ్చు. మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు తెచ్చే జబ్బు మాత్రం నేరుగా మాంసం నుంచి రాదు. ఆ పురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు చేతుల ద్వారానో నీళ్ల ద్వారానో కూరగాయల ద్వారానో నోట్లోకి పోతే వస్తుంది. కాబట్టి మాంసం మానేసినవాళ్లకు కూడా చేతులు కడుక్కోవడం తప్పదు.

పండు చేసిన పని

టమాట, మిర్చి రెండూ ఒకే కుటుంబం మొక్కలు, రెండూ అమెరికా ఖండాల నుంచే వచ్చాయి. 1492కు ముందు ఖమ్మంలోనూ కలాబ్రియాలోనూ ఎర్రకారం లేదు, ఎర్ర పులుసూ లేదు. మిర్చిని పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో మన పడమటి తీరానికి తెచ్చారు. టమాటను ఇటలీవాళ్లు చాలాకాలం అనుమానంగానే చూశారు. నేపుల్స్‌లో ఆంటోనియో లాటిని 1690ల్లో వేసిన వంట పుస్తకంలో టమాట సాస్ ఉంది కానీ అది పాస్తా కోసం కాదు. పాస్తాలో టమాట కలిపే వంటను ఇప్పోలితో కవల్కాంతి 1839లో అచ్చువేశాడు. ఇటలీకి ఇంత గుర్తుగా నిలిచిన జోడీ వయసు రెండు వందల ఏళ్లకు కాస్త అటూ ఇటూ.

పచ్చి టమాటకూ పండుకూ తేడా రంగులోనే లేదు. పండేకొద్దీ కాయలో గ్లుటమేట్ అనే పదార్థం అనేక రెట్లు పెరుగుతుంది. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెడా సముద్రపు నాచు పులుసు రుచి వెనక ఉన్నది ఇదేనని పట్టుకుని, తీపి, పులుపు, ఉప్పు, చేదు కాక దీన్ని వేరే రుచిగా లెక్కించాలన్నాడు. దానికి ఉమామి అని పేరు పెట్టాడు. 1913లో ఆయన శిష్యుడు షింటారో కొడామా, ఎండబెట్టిన చేపలో ఐనోసినేట్ అనే ఇంకో పదార్థం ఉందని చూపాడు. జంతువు చనిపోయాక కండలోని శక్తి అణువు విడిపోయి ఐనోసినేట్‌గా మారుతుంది. అందుకే అది అన్ని మాంసాల్లోనూ ఉంటుంది.

ఈ రెండూ విడివిడిగా నాలుకకు కొద్దిగానే తెలుస్తాయి. కలిస్తే రుచి కూడిక మాదిరి పెరగదు, హెచ్చవేతలా పెరుగుతుంది. నాలుక మీది గ్రాహకానికి గ్లుటమేట్ తగులుకున్నాక ఐనోసినేట్ దాన్ని ఊడిపోకుండా పట్టి ఉంచుతుంది. టమాట గ్లుటమేట్ ఇస్తే మాంసం ఐనోసినేట్ ఇస్తుంది. పావుకిలో మాంసానికి నాలుగు టమాటలు పడితే కూర నిండుగా, పెద్ద కూరలా అనిపించడానికి కారణం ఈ జత. పెళ్లికూరల్లో మసాలా ఎక్కువుంటే వచ్చే రుచి వేరు, ఇది వేరు.

ఇంకొక సంగతి. టమాటలో గ్లుటమేట్ ఎక్కువ ఉండేది గట్టి కండలో కాదు, గింజల చుట్టూ ఉండే జారుడు గుజ్జులో. గింజలు తీసేసి వండమని చెప్పే వంటల పుస్తకాలు అసలు రుచిని కుండీలో పారబోయమంటున్నాయి.

బాణలి దగ్గర

నలుగురికి లెక్క: కొంచెం కొవ్వు ఉన్న ఖీమా 400 గ్రాములు, మేకదైతే మరలో రెండుసార్లు వేయించుకోవాలి. ఉప్పు 7 గ్రాములు, అంటే తల కొట్టిన చెంచా కంటే కాస్త ఎక్కువ. దోరగా వేయించి నలిపిన సోంపు చెంచాడు, మిరియాల పొడి అర చెంచా, కచ్చాపచ్చాగా దంచిన తేజ మిర్చి చెంచాడు. ఇవన్నీ కలిపి జిగటొచ్చేదాకా పిసికి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలి. పేగు అక్కర్లేదు, ఎలాగూ సాస్ కోసం చిదిపేస్తాం. సోంపులోని అనెథోల్ అనే వాసన పదార్థమే దీనికి ఇటలీ సాసేజ్ వాసన ఇస్తుంది.

మర్నాడు వెడల్పాటి బాణలిలో చెంచాడు నూనె కాగాక ఖీమాను పలుచగా పరచాలి. రెండు మూడు నిమిషాలు కదపకూడదు. మాంసం గోధుమరంగుకు తిరిగి కమ్మటి వాసన వేయాలంటే దాని ఉపరితలం దాదాపు 140 డిగ్రీలు చేరాలి. అక్కడ చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి వందల రకాల కొత్త పదార్థాలు పుడతాయి. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ దీన్ని వివరించాడు. నీళ్లు ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు. ఇరుకు గిన్నెలో ఖీమా కుక్కితే ఊరిన నీళ్లలో ఉడుకుతుంది తప్ప వేగదు. బూడిదరంగు ఖీమా వచ్చిందంటే గిన్నె చిన్నదైందని అర్థం.

వేగాక ఖీమాను పక్కకు జరిపి మంట తగ్గించాలి. ఉల్లిపాయ వేసేవాళ్లు ఇప్పుడే వేసి మెత్తబడనివ్వాలి. టమాట పడ్డాక ఉల్లి మెత్తబడదు, ఎందుకంటే పులుపులో మొక్క కణాలను అంటించి ఉంచే పెక్టిన్ గట్టిగానే ఉంటుంది. చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకదని మన ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతికి కారణం ఇదే. తర్వాత నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు మిర్చి తునకలు ఆ కొవ్వులో అర నిమిషం తిరగాలి. కారం, ఎరుపు రెండూ నూనెలోకి దిగేది ఈ అర నిమిషంలోనే. ఇంకాస్త ఆగితే వెల్లుల్లి మాడి చేదెక్కుతుంది.

ఇక 600 గ్రాముల టమాట ముక్కలు, గింజలతో సహా. అవి వదిలే రసంతో అడుగున పట్టిన గోధుమరంగు పొరను గరిటెతో గీరి కలపాలి. రుచి అంతా దానిలోనే పోగైంది. టమాటలో 94 శాతం నీళ్లు. పది నిమిషాల మరుగులో ఆ నీళ్లు చాలావరకు పోతాయి, కణాలు పగిలి పెక్టిన్ బయటపడి గుజ్జు చిక్కనవుతుంది, లైకోపీన్ అనే ఎర్రరంగు నూనెలోకి చేరుతుంది. పచ్చి టమాటలోని లైకోపీన్ కన్నా నూనెతో ఉడికించిన దానిలోది మన ఒంటికి బాగా పడుతుంది. విటమిన్-సి మాత్రం వేడికి కొంత పోతుంది.

నూనె తేలినాక

కూర అయిందనడానికి మన గుర్తు నూనె పైకి తేలడం. మంచి గుర్తే. నీళ్లు తగినంత ఇగిరిపోయాయనీ, ఇక నూనెను తనలో పట్టి ఉంచేంత తడి గుజ్జులో లేదనీ అది చెబుతోంది. కారం, రంగు, సోంపు వాసన అన్నీ ఆ నూనెలోనే ఉన్నాయి. అన్నంలో కలుపుకునేవాళ్లు ఇక్కడ ఆపేయొచ్చు. అన్నం మెతుకు నూనెనూ గుజ్జునూ రెండింటినీ పీల్చుకుంటుంది.

పాస్తా అలా పీల్చదు. గట్టి గోధుమ రవ్వతో చేసిన పాస్తా పైతలం నున్నగా ఉంటుంది, నూనె జారిపోయి గిన్నె అడుగున నిలుస్తుంది. అందుకే ఇటలీవాళ్లు ఇంకో మెట్టు ఎక్కుతారు. పాస్తా ఉడికిన నీళ్లలో గంజి ఉంటుంది. పాస్తా ఇంకో నిమిషంలో ఉడుకుతుందనగా తీసి, గరిటెడు గంజితో సహా బాణలిలో వేసి, పెద్ద మంట మీద గిరగిరా తిప్పుతారు. గంజిలోని పిండిపదార్థం నూనె బొట్ల చుట్టూ చేరి అవి మళ్లీ కలిసిపోకుండా అడ్డుపడుతుంది. తేలిన నూనె మళ్లీ గుజ్జులో ఇమిడిపోయి ప్రతి పాస్తా ముక్కకూ అంటుకుంటుంది. మన దగ్గర పాస్తా జిడ్డుగా, పొడిగా వచ్చిందని విసుక్కునే ఇళ్లలో పొరపాటు మసాలాలో ఉండదు. ఆ గంజిని వార్చి పారబోయడంలోనే ఉంటుంది.

బజారులో సీసాలో దొరికే సాస్ కూడా ఈ పనులన్నీ ముందే చేసి పెట్టిందే. ఫ్యాక్టరీ చేసింది కనుక దానికి ధర కడతాం, ఉప్పు, పంచదార ఎంత వేశారో చీటీ మీద వెతుక్కుంటాం. ఇంట్లో అయితే ఆ లెక్క మన చేతిలో ఉంటుంది. కిలో ఖీమాకు ఒకేసారి ఉప్పూ సోంపూ పట్టించి, రాత్రి ఊరాక పూటకు సరిపడా ఉండలుగా చేసి ఫ్రీజర్‌లో దాచుకోండి. ఫ్రీజర్ లేకపోతే ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచొద్దు. తొందరగా వంట కావాలని మంట పెంచేవాళ్లకు మాడు తప్ప ఏమీ మిగలదు. తొందరగా కావాలంటే నిన్న రాత్రే ఖీమాకు ఉప్పు పట్టించి ఉండాలి.